ఇద్దరు చంద్రులున్న లోకంలో ఆటుపోట్లు: ఈ లెక్క నిలబడుతుందా?

#1 · నీలిగీత

అందరికీ నమస్కారం. ధారావాహికగా రాస్తున్న ఫాంటసీ నవల కోసం ఓ లోకం కడుతున్నాను. గ్రహం అచ్చం భూమే: రోజుకి 24 గంటలు, ఏడాదికి 365 రోజులు, ఒకటే సూర్యుడు. కథంతా ఓ రేవు పట్నంలో నడుస్తుంది. ఆ పట్నానికి విశాఖే నమూనా. దక్షిణాన సముద్రంలోకి ముక్కు పెట్టుకుని కూర్చున్న కొండ, దాని పక్కనుంచి లోపలికి పోయే రేవు కాలవ, ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలో ఏరు సముద్రంలో కలిసే పాత ఊరు.

ఆకాశంలో మాత్రం ఇద్దరు చంద్రులు. పెద్దోడు మన చంద్రుడికి రెండింతల వెడల్పున కనబడాలి. అమావాస్యకి మాత్రమే నీళ్లు ఊళ్లోకి రావాలి, మిగతా రోజుల్లో మామూలుగా ఉండాలి. చిన్నోడు పెద్దోడికి సరిగ్గా ఎదురు దిక్కుకి వచ్చిన రోజున ఇద్దరి లాగుడూ చెల్లుకు చెల్లయిపోయి, సముద్రం కదలకుండా నిలబడిపోవాలి. ఇంతవరకూ రాసుకున్నాను. ఇది కుదురుతుందా, పాఠకులు నవ్వుతారా?

#2 · వేలాలెక్క

మూడు కోరికల్లో మొదటిది కుదురుతుంది. మిగతా రెండూ కుదరవు. ఎందుకో చెబుతాను.

చంద్రుడు ఎంత లాగుతున్నాడన్నది పోటుకి ముఖ్యం కాదు. గ్రహం ఇవతలి ముఖాన్ని ఎక్కువగా, నడిమి భాగాన్ని కాస్త తక్కువగా, అవతలి ముఖాన్ని ఇంకా తక్కువగా లాగుతాడు. ఆ తేడాయే నీటిని ఉబ్బిస్తుంది. అందుకే ఉబ్బు చంద్రుడి వైపునా ఉంటుంది, సరిగ్గా ఎదురు వైపునా ఉంటుంది. ఈ తేడా చంద్రుడి బరువుని బట్టి పెరుగుతుంది, దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. దూరం సగమైతే పోటు 8 రెట్లు.

రచయితలకి ఇంకో అడ్డదారి ఉంది. ఆకాశంలో ఎంత వెడల్పుగా కనిపిస్తున్నాడో ఆ కొలతని ఘనం చేసి, సాంద్రతతో గుణించండి, చాలు. బరువూ దూరమూ విడివిడిగా అక్కర్లేదు. మన ఆకాశంలోనే సరి చూసుకోవచ్చు: సూర్యుడూ చంద్రుడూ దాదాపు ఒకే వెడల్పున కనిపిస్తారు. సాంద్రతలు 1.41, 3.34. సూర్యుడి పోటు చంద్రుడి పోటులో 0.46 వంతు ఉండడానికి అసలు కారణం ఇదే.

ఇప్పుడు మీ పెద్దోడు. రెండింతల వెడల్పు, అదే రాయి అనుకుంటే రెండు ఘనం, అంటే 8. విశాఖ తీరంలో అమావాస్య, పున్నాలకి ఆటుకీ పోటుకీ మధ్య తేడా సుమారు 1.4 మీటర్లు, అష్టమి రోజుల్లో సుమారు అర మీటరు. చంద్రుడు 1, సూర్యుడు 0.46 అనుకుంటే కలిసినప్పుడు 1.46, అడ్డంగా నిలబడినప్పుడు 0.54. అంటే మన తీరంలో ఒక వంతు సుమారు 0.96 మీటరు. పెద్దోడి 8కి ఆ సూర్యుణ్నే కలిపితే 8.46, తీసేస్తే 7.54. అమావాస్యకి 8.1 మీటర్లు, అష్టమికి 7.2 మీటర్లు! చంద్రుడు పెద్దవాడయ్యేకొద్దీ సూర్యుడి మాట చెల్లదు. తిథితో పని లేకుండా రోజుకి రెండుసార్లు మీ ఊరు మునుగుతుంది. "అమావాస్యకి మాత్రమే" అన్నది పెద్ద చంద్రుడితో ఎప్పటికీ రాదు.

మూడో కోరిక: ఎదురెదురుగా ఉంటే చెల్లిపోవు, కలిసిపోతాయి. ఉబ్బు రెండు వైపులా ఉంటుందన్నాం కదా. మనకి పున్నమి నాడు సూర్యచంద్రులు ఎదురెదురుగానే ఉంటారు, పోటు తగ్గుతోందా? చెల్లిపోవాలంటే లంబకోణంలో ఉండాలి.

(మన తీరం అంకెని 8తో గుణించడం మొదటి అంచనా మాత్రమే. తక్కువ లోతు నీళ్లలో అడుగు రాపిడి అంత తేలిగ్గా పెరగనివ్వదు.)

#3 · డాక్‌యార్డ్ కాకి

8 మీటర్లంటే ఏటనుకుంటున్నారండీ, మూడంతస్తుల మేడకి కొంచెం తక్కువ. ఆ లెక్కన విశాఖ లాంటి రేవే కట్టరు. భావనగర్‌లో పది మీటర్ల పోటు ఉంది కాబట్టి అక్కడ రేవుకి తలుపులు పెట్టారు: పోటు మీద ఓడ లోపలికొస్తుంది, తలుపు మూస్తారు, బయట నీరు దిగిపోయినా లోపల ఓడ తేలుతూ ఉంటుంది. మీ కథలో విద్యుత్తు లేని కాలమైతే చెక్క తలుపులు, గొలుసులు, పోటు తోసినప్పుడు వాటంతటవే మూసుకునేలా వంపు పెట్టిన రెక్కలు రాయండి. తలుపు లేని చోట పడవ అడుగు చదునుగా ఉండాలి, లేకపోతే ఆటులో పక్కకి ఒరిగి పలకలు విచ్చుకుంటాయి. కట్టిన తాడు 8 మీటర్లు వదులివ్వాలి. బిగించి కట్టి పడుకున్నోడి పడవ తెల్లారేసరికి జెట్టీకి వేలాడుతూ ఉంటాది.

ఇంకోటి. నీరు ఒకే వేగంతో ఎక్కదు. ఆటు నుంచి పోటుకి పట్టే సమయాన్ని ఆరు వాటాలు చెయ్యండి: మొత్తం ఎత్తులో పన్నెండో వంతులుగా 1, 2, 3, 3, 2, 1 చొప్పున ఎక్కుద్ది. మీ పెద్దోడు సగం దూరంలో ఉంటే పోటుకీ పోటుకీ మధ్య 13 గంటల 21 నిమిషాలు. ఎక్కడానికి 6 గంటల 40. ఒక్కో వాటా 67 నిమిషాలు. నడిమి వాటాలో 8.1లో పావు, అంటే రెండు మీటర్లు. నిమిషానికి 3 సెంటీమీటర్లు. వెయ్యికి ఒకటి వాలున్న బురద మైదానంలో నీటి అంచు నిమిషానికి 30 మీటర్లు ముందుకొస్తాది, గంటకి 1.8 కిలోమీటర్లు. నడిచే మనిషిని అది పట్టుకోలేదు. కానీ మైదానంలో గెడ్డలుంటాయి, నీరు ముందు వాటిలోంచే వెనక్కి చుట్టేసి వస్తాది. మనిషి ముందు ఎండ నేల, వెనకాల నడుం లోతు కాలవ. "గుర్రం కంటే వేగంగా వచ్చిన అల" అని రాయకండి, ఈ గెడ్డ రాయండి. భయం దీంట్లోనే ఉంది.

#4 · నీలిగీత

గెడ్డ దృశ్యం తీసేసుకుంటున్నాను, కాకి గారూ. కానీ నాకు కావలసింది రోజూ మునిగే ఊరు కాదు. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద పోటు, ఎప్పుడో ఒకసారి నిలిచిపోయే సముద్రం. దానికి ఆకాశంలో ఏం మార్చాలి?

#5 · కక్ష్యాబద్ధం

రెండు దారులు.

చంద్రుడు ఒక్కడే చాలనుకుంటే కక్ష్యని కోడిగుడ్డులా సాగదీయండి. మన చంద్రుడి కక్ష్య దాదాపు గుండ్రం, ఉత్కేంద్రత (గుండ్రం నుంచి ఎంత సాగిందన్న కొలత) 0.055. అయినా అతి దగ్గరికీ అతి దూరానికీ మధ్య పోటు దాదాపు ఒకటిన్నర రెట్లు మారుతుంది. ఉత్కేంద్రత 0.2 చేస్తే 1.2ని 0.8తో భాగించి ఘనం చెయ్యండి: 3.4 రెట్లు. నెలకోసారి గట్టి పోటు వస్తుంది. దగ్గరికొచ్చే రోజు అమావాస్యతో కలిసిన నెలల్లో ఇంకా గట్టిగా. ఇంతకన్నా తేలిక మార్గం లేదు. ఆ రోజు చంద్రుడు కంటికి ఒకటిన్నర రెట్లు పెద్దగా కనిపిస్తాడు కూడా.

ఇద్దరు చంద్రులు ఉండి తీరాలంటే, పెద్దోణ్ని మన చంద్రుడిలాగే వదిలేయండి: 3,84,400 కి.మీ., 27.32 రోజులు. చిన్నోడికి పెద్దోడి బరువులో ఇరవయ్యో వంతు ఇచ్చి సగం దూరంలో పెట్టండి. 1,92,200 కి.మీ. దూరం ఘనం వల్ల 8 రెట్లు, బరువు వల్ల ఇరవయ్యో వంతు: పోటు బలం 0.40. దాదాపు సూర్యుడికి సమానం. అదే సాంద్రత అయితే అడ్డుకొలత 1,280 కి.మీ., ఆకాశంలో మన చంద్రుడి వెడల్పులో దాదాపు ముప్పాతిక వంతు. వేలాలెక్క గారి అడ్డదారితో సరి చూడండి: 0.737 ఘనం 0.40. సరిపోయింది.

చిన్నోడు గ్రహాన్ని 9.66 రోజుల్లో చుట్టేస్తాడు. అమావాస్య నుంచి అమావాస్యకి 9.92 రోజులు.

నిలకడ సంగతి కూడా చూడాలి, లేకపోతే ఇద్దరూ ఒకరినొకరు విసిరేసుకుంటారు. ఇద్దరి బరువుల మొత్తాన్ని గ్రహం బరువుకి మూడింతలతో భాగించి, ఘనమూలం తీసి, సగటు దూరంతో గుణిస్తే 47 వేల కి.మీ. వస్తుంది. కక్ష్యల మధ్య ఎడం 1,92,200. అంటే 4.1 రెట్లు. గుండ్రటి కక్ష్యలకి ఇది 3.46 దాటాలి. దాటింది, కానీ బొటాబొటిగా. కాబట్టి పై ఉత్కేంద్రత చిట్కాని దీంతో కలపకండి. రెండూ కావాలని ఆశపడితే ఉన్నదీ పోతుంది.

#6 · పటాలపిచ్చి

అయితే మూడూ కలిసిన రోజున 1 + 0.46 + 0.40 = 1.86. అష్టమికి 1 − 0.46 − 0.40 = 0.14. విశాఖ తీరం కొలతలో అమావాస్యకి 1.78 మీటర్లు, వారం తిరిగేసరికి 14 సెంటీమీటర్లు! నీలిగీత గారి రెండు కోరికలూ ఒకే పక్షంలో తీరిపోయాయి. ఇక రాసుకోవడమే.

#7 · వేలాలెక్క

ఆగండాగండి. 1.86, 0.14 రెండూ వస్తాయి, కానీ ఒకే పక్షంలో రావు. అసలు అందం అక్కడే ఉంది.

అమావాస్య నాడు ముగ్గురూ ఒకే గీత మీద ఉన్నారనుకోండి. 7.38 రోజులకి పెద్దోడు సూర్యుడికి లంబంగా వస్తాడు, మనకి అష్టమి. ఈలోగా చిన్నోడు ఎక్కడికి పోయాడు? 9.92 రోజులకో చుట్టు కదా, 7.38 రోజుల్లో దాదాపు ముప్పావు చుట్టు. అంటే తనూ సూర్యుడికి లంబంగా, పెద్దోడి గీత మీదే. చిన్నోడు పెద్దోడితో కలిశాడు, సూర్యుడొక్కడే అడ్డం: 1 + 0.40 − 0.46 = 0.94. ఆ అష్టమికి 90 సెంటీమీటర్లు, 14 కాదు.

మరి 14 ఎప్పుడు? పెద్దోడి నెల 29.53 రోజులు, చిన్నోడి నెల 9.92. దాదాపు ఒకటికి మూడు, కానీ సరిగ్గా మూడు కాదు, 2.976. ఆ చిన్న తేడా వల్ల ప్రతి పక్షానికీ చిన్నోడు 4.3 డిగ్రీలు వెనకబడతాడు. సుమారు 310 రోజులకి పావు చుట్టు వెనకబడి, అమావాస్య నాడు మిగతా ఇద్దరికీ అడ్డంగా నిలబడతాడు. అప్పుడు అమావాస్య పోటు 1.06 మాత్రమే, అష్టమి పోటు 0.14. ఇంకో 310 రోజులకి మళ్లీ మొదటికి.

అంటే మీ లోకంలో రెండు రుతువులున్నాయి, ఎండా వానా కాదు. ఒకటి "లావు కాలం": అమావాస్యకి 1.78 మీ., అష్టమికి 0.90. ఇంకోటి "మొద్దు కాలం": అమావాస్యకి 1.02, అష్టమికి 0.14. మొత్తం చక్రం సుమారు 620 రోజులు.

నమ్మకపోతే స్ప్రెడ్‌షీట్ వేసి చూడండి. మొదటి నిలువు వరసలో గంటలు, 0 నుంచి 15,000 దాకా, అరగంటకొకటి. రెండో వరసలో మూడు కొసైన్ అలల మొత్తం: పెద్దోడు 0.48 మీ., 12.4206 గంటలు, సూర్యుడు 0.22 మీ., 12 గంటలు, చిన్నోడు 0.19 మీ., 13.3450 గంటలు. ఇవి సగటు మట్టం నుంచి ఎత్తులు. ఆటు నుంచి పోటుకి తేడా వీటికి రెట్టింపని మర్చిపోవద్దు. గంటల్ని ఆ అల గంటలతో భాగించి 6.2832తో గుణించి కొసైన్‌కి ఇవ్వాలి. చాలామంది 360తో గుణిస్తారు. షీట్‌కి డిగ్రీలు తెలియవు, రేడియన్లే తెలుసు, గీత పిచ్చిగీతలా వస్తుంది. రెండో తప్పు: వరసలు తగ్గుతాయని రోజుకో కొలత తీసుకోవడం. అప్పుడు లేని నిదానమైన అలలు కనిపించి మోసం చేస్తాయి. మూడోది: 13.3450ని 13.3 అని కుదించడం. ఒక్క ఆ కుదింపుకే 620 రోజుల చక్రం 130 రోజులైపోతుంది.

#8 · పటాలపిచ్చి

ఒప్పుకున్నాను. షీట్ వేశాను, అలాగే వచ్చింది. తొందరపడ్డ కూడిక.

దానికి పరిహారంగా పటం సంగతి చెబుతాను. ఈ అంకెలన్నీ విశాఖ లాంటి విప్పారిన తీరానికి, ఖండపు అంచు (తీరం ముందు నీటి కింద లోతు తక్కువున్న మేర) ఇరుగ్గా ఉన్నచోటికి. అదే సముద్రంలో వేరే ఊరి కథ వేరు. పోటు అల వేగం లోతుని బట్టి ఉంటుంది: లోతుని 9.8తో గుణించి వర్గమూలం తీయండి. నాలుగు వేల మీటర్ల లోతులో గంటకి 700 కి.మీ. పైన, 100 మీటర్ల లోతులో 113, 50 మీటర్లలో 80. ఒక ఖాతంలో అల లోపలికి పోయి గోడకి కొట్టుకుని తిరిగి వచ్చేసరికి బయట తర్వాతి మార్పు సరిగ్గా అందుకోవాలి. ఉయ్యాలని సమయానికి తోసినట్టు. అందుకు ఖాతం పొడవు, పోటు కాలంలో పావు వంతులో అల వెళ్లే దూరమంత ఉండాలి. 100 మీటర్ల లోతైతే పెద్దోడికి 350 కి.మీ., చిన్నోడికి 376 కి.మీ.

కెనడాలోని ఫండీ ఖాతంలో పోటు 16 మీటర్ల దాకా వెళ్తుంది. ఆ ఖాతమూ దాని ముందున్న సముద్రమూ కలిపి సొంతంగా ఊగే కాలం సుమారు 13.3 గంటలని లెక్కలున్నాయి. మన చంద్రుడి 12.42కి అది దగ్గరే కానీ కచ్చితం కాదు. ఈ కథలోని చిన్నోడి 13.345కి మాత్రం గురి చూసి కొట్టినట్టుంది! అలాంటి ఖాతం మీ పటంలో ఒకటి పెడితే, అక్కడి జనం పెద్దోణ్ని పట్టించుకోరు, చిన్నోడికే మొక్కుతారు. ఒకే సముద్రం, రెండు ఊళ్లు, రెండు మతాలు.

ఇంకా చోద్యం కావాలంటే తాహితీని చూడండి. అక్కడ చంద్రుడి పోటు దాదాపు లేదు. చంద్రుడి అల ఒక చుక్క చుట్టూ గిర్రున తిరుగుతుంది, ఆ చుక్క దగ్గర నీరు ఎక్కదూ దిగదూ. తాహితీ ఆ చుక్కకి దగ్గర. మిగిలింది సూర్యుడి పోటే కాబట్టి రోజూ మధ్యాహ్నం, అర్ధరాత్రి అదే వేళకి నీరు ఎక్కుతుంది. మీ లోకంలో చంద్రుల్ని దేవుళ్లుగా ఒప్పుకోని ద్వీపం కావాలంటే ఇదిగో.

#9 · ఉప్పుటేరు

వేలాలెక్క గారి రెండు కాలాలూ ఒడ్డు మీద ఎలా కనిపిస్తాయో చూద్దాం. లావు కాలంలో నీరు సగటు మట్టం మీద 89 సెంటీమీటర్ల దాకా ఎక్కుతుంది. మొద్దు కాలంలో అమావాస్యకి 51 మాత్రమే, కానీ రెండు మూడు రోజులు పోయాక చిన్నోడు సూర్యుడితో కలిసి 78 దాకా ఎక్కిస్తాడు. ఆ 89కీ ఈ 78కీ మధ్య 11 సెంటీమీటర్ల పట్టీ ఉంది చూశారా, కొన్ని నెలలు తడి, కొన్ని నెలలు పూర్తిగా ఎండ. వందకి ఒకటి వాలున్న ఇసక ఒడ్డున అది 11 మీటర్ల వెడల్పు. ఏటి మొగ దగ్గర వెయ్యికి ఒకటి వాలున్న బురదలో 110 మీటర్లు.

ఆ పట్టీలో మడ చెట్లు నిలదొక్కుకోవడం కష్టం. ఎండ కాలంలో నేల మీద ఉప్పు తేలి తెల్లగా పేరుకుంటుంది. మొలకలకి అది విషం. కింది అంచున మడ చెట్లు, పై అంచున సరుగుడు, తాటి, మధ్యలో బోడి తెల్ల నేల. మీ నవలలో భీమిలి లాంటి ఊరికి ఇదే గుర్తు అవ్వచ్చు. రాళ్ల మీద నత్తగుల్లల వరస కూడా రెండు గీతలుగా ఉంటుంది: కింద బతికినవి, పైన లావు కాలంలో అతుక్కుని మొద్దు కాలంలో ఎండి చచ్చిన గుల్లలు. పోటు సంగతి ఏమీ తెలియని పరదేశి కూడా ఆ పై గీత చూసి "నీరు ఇక్కడిదాకా వస్తుందా?" అని అడగాలి.

మొద్దు కాలపు అష్టమి రోజుల్లో ఏటి మొగ దగ్గర ఇంకో ఇబ్బంది. పోటు ఆటు ఊపు లేకపోతే మొగలో ఇసకని కోసుకుపోయే నీరు ఉండదు. అలలు ఒడ్డు వెంబడి తెచ్చే ఇసక మేటవేసి మొగ మూసుకుపోతుంది. లోపల నీరు నిలిచి, ఉప్పు తగ్గి, పాచి పట్టి, ప్రాణవాయువు పడిపోయి చేపలు తేలిపోతాయి. అప్పుడు ఊరంతా పారలు పట్టుకుని మొగ తవ్వాలి. మొదట మూరెడు వెడల్పు కాలవ చాలు, లోపలి మట్టం బయటి కంటే ఎక్కువ కాబట్టి మిగతాది నీరే కోసుకుంటుంది. తవ్వేది ఆటు మొదలయ్యే వేళకి పూర్తి కావాలి. పోటు వేళకి తెరిస్తే సముద్రపు నీరు ఎదురొచ్చి ఇసకని మళ్లీ అక్కడే పడేస్తుంది.

తుఫాను మర్చిపోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖలో మామూలు పోటు మీద 1.4 మీటర్ల ఉప్పెన నమోదైంది. మీ లోకంలో అదే తుఫాను లావు కాలపు అమావాస్య పోటు మీద వస్తే 0.89కి 1.4 కలిసి 2.29 మీ. అదే రోజు ఆరు గంటలు ఆలస్యంగా వస్తే −0.89కి 1.4, అంటే అర మీటరు. ఊరు మునగడమా మానడమా అన్నది ఆరు గంటల మీద ఉంది. మొద్దు కాలపు అష్టమికి వస్తే ఏ గంటకొచ్చినా ఒకటే.

#10 · నీలిగీత

620 రోజులు అంటే ఏడాది మీద ఎనిమిదిన్నర నెలలు. పండగకి నప్పడం లేదు. దీన్ని పన్నెండేళ్లు చెయ్యొచ్చా? పుష్కరాల్లాగ, ఒక తరం మనిషి జీవితంలో ఐదారుసార్లు మాత్రమే చూసేలా?

#11 · కక్ష్యాబద్ధం

చెయ్యొచ్చు, ఆశ్చర్యపోయేంత తేలిగ్గా. చిన్నోణ్ని 850 కిలోమీటర్లు దగ్గరికి జరపండి. 1,92,200 బదులు 1,91,350. చుట్టు కాలం 9.66 నుంచి 9.596 రోజులవుతుంది, అమావాస్యల మధ్య 9.855. ఇప్పుడు పెద్దోడి నెలకి దాదాపు సరిగ్గా మూడు నెలలు, పక్షానికి తప్పే కోణం 0.6 డిగ్రీ. చక్రం 12 ఏళ్లు. అదే దూరాన్ని 1 శాతం పెంచితే చక్రం సుమారు 300 రోజులకి పడిపోతుంది. ఇంత సున్నితం కాబట్టి కథలో దూరం చెప్పకండి, కాలం చెప్పండి. నిజానికి పెద్దోడి లాగుడు వల్ల చిన్నోడి కాలం దూరంతో అంత నిక్కచ్చిగా ముడిపడి ఉండదు. కాలం మాత్రం మీ చేతిలో ఉంటుంది.

ఇంత బొటాబొటి ఏర్పాటు చెదిరిపోదా అని ఎవరైనా అడుగుతారు. పోట్ల వల్ల చంద్రులు మెల్లగా దూరం జరుగుతారు. మన చంద్రుడు ఏడాదికి 3.8 సెం.మీ. ఆ రాపిడే ఉంటే చిన్నోడు దగ్గరున్నాడు కాబట్టి బరువు తక్కువైనా ఏడాదికి సుమారు 8.6 సెం.మీ. వెయ్యేళ్లకి 86 మీటర్లు. ఆ 850 కి.మీ. వెనక్కి పోవడానికి కోటి ఏళ్లు కావాలి. మీ రాజవంశాలకి ఢోకా లేదు.

#12 · ఉప్పుటేరు

పన్నెండేళ్లయితే నా 11 సెంటీమీటర్ల పట్టీ లెక్క మారిపోతుంది, చూడండి. ఇప్పుడు దాని పై భాగం నెలలు కాదు, ఏళ్ల తరబడి ఎండి ఉంటుంది. నాలుగైదు వానాకాలాలు ఉప్పుని కడిగేస్తాయి, గడ్డి వస్తుంది, పశువులు వస్తాయి, పాకలు వస్తాయి. ఆపైన సరిహద్దు రాళ్లు. విశాఖని నమూనాగా తీసుకున్నారు కాబట్టి వెంచర్ బోర్డులు కూడా వస్తాయని నా నమ్మకం. తర్వాత నీరు ఒక్కసారిగా రాదు. మొదటి ఏడు అమావాస్యకి పెరట్లో చెమ్మ, మరుసటేడు బావి నీళ్లు ఉప్పన, ఆ పై ఏడు గుమ్మంలో నీరు. ప్రతి ఏడూ ఒక వేలి మందం పెరుగుదల. దాన్ని నమ్మనివాడు కొంటాడు, నమ్మినవాడు అమ్ముతాడు.

#13 · డాక్‌యార్డ్ కాకి

రేవు పంచాంగం ఎలా ఉండాలో కూడా రాసుకోండి. మనకి ఒక్కో తిథికీ పోటు 48 నిమిషాలు ఆలస్యమవుతాది. ముప్పై తిథులకి 24 గంటలు, లెక్క తేలిక. అమావాస్య నాడు మీ రేవులో పోటు ఏ గంటకో ఒకసారి గుర్తుపెట్టుకుంటే మిగతావి వేళ్ల మీద లెక్కేయొచ్చు. అతి పెద్ద పోటు అమావాస్య నాడు కాకుండా ఒకటి రెండు రోజులు పోయాక వస్తాది, అది కూడా రేవుని బట్టి. మీ లోకంలో చిన్నోడికీ తిథులుండాలి: ముప్పై తిథులు పదిరోజుల్లోపే, ఒక్కో తిథి ఎనిమిది గంటల్లోపు. కాబట్టి రేవు పంచాంగంలో రోజుకి ఒక పెద్ద తిథి, మూడు చిన్న తిథులు.

సరంగుకి కావాల్సింది ఒక్కటే: కాలవలో ఓడ అడుగు కింద ఎంత నీరు మిగిలిందో. పోటు గంట తప్పితే ఓడ ఇసక మీద కూర్చుంటాది, తర్వాతి పోటు అంతకన్నా చిన్నదైతే అక్కడే పక్షం రోజులు.

#14 · నీలిగీత

పన్నెండేళ్ల చక్రమే ఖాయం. మొదటి అధ్యాయం చివరి దృశ్యం ఒక్కటి సరి చూడండి. లావు ఏడు. అమావాస్య ఉదయం 9 గంటలకి ముగ్గురూ కలిసిన పోటు. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, ఉదయం 9కే, నిండు పోటు మీద నాయిక ఓడ రేవు దాటుతుంది.

#15 · వేలాలెక్క

9కి దాటదు. షీట్‌లో 96వ గంట చూడండి: నీరు సగటు మట్టం మీద 22 సెం.మీ., ఇంకా ఎక్కుతోంది. నిండు పోటు దాదాపు 10:50కి, అదీ 38 సెం.మీ. మాత్రమే. నాలుగు రోజుల కిందటి 89 సెం.మీ.లో సగం కూడా లేదు. అప్పటికి చిన్నోడు పెద్దోడికి అడ్డంగా తిరిగాడు.

ఆ ఓడ అమావాస్య పోటు మీద లోపలికొచ్చి సరుకు నిండా ఎత్తుకుంటే, ఈ పోటు మీద బయటికి పోలేదు. అర మీటరు తక్కువ. ఇంకో మూడున్నర రోజులు ఆగితే అష్టమి దాటే వేళకి 45 సెం.మీ. వస్తుంది, అదీ చాలదు. వచ్చే పున్నమి దాకా ఆగాలి, లేదా సరుకు దించాలి.

#16 · డాక్‌యార్డ్ కాకి

ఇంకో చిక్కు కూడా ఉంది. పెద్దోడి తిథి ఒక్కటే చూసే పాత సరంగు నాలుగు రోజులకి మూడుగంటల ఇరవై నిమిషాలు కలిపి, పోటు 12:20కి అంటాడు. ఆ వేళకి నీరు అప్పటికే గంటన్నర నుంచి దిగుతోంది, 26 సెం.మీ. దగ్గరుంటాది. చిన్న తిథి కూడా చూసే కుర్ర సరంగు 10:50 అంటాడు. నాయిక ఎవరి మాట వింటే ఓడ అడుగు కింద 12 సెంటీమీటర్లు ఎక్కువో తక్కువో అదీ తేలిపోద్ది. సరుకు ఎంత దించాలో దాన్ని బట్టి రాయండి, చదరంగా ఉండే మామూలు సరుకు ఓడకి లెక్క సులువే: నీటిమట్టం దగ్గర ఓడ వైశాల్యం 200 చదరపు మీటర్లయితే ఒక్కో సెంటీమీటరుకి సుమారు రెండు టన్నులు. 12 సెంటీమీటర్లంటే పాతిక టన్నులు.

#17 · నీలిగీత

పాత సరంగు మాట వింటే ఇంకో పాతిక టన్నుల ఉప్పు. దించడానికి తెల్లారుజాము నుంచి మొదలెట్టాలి. దృశ్యం తిరగరాస్తున్నాను.